లోనికి దిగే గీత: కె. లక్ష్మా గౌడ్ కళాజీవితం, కళాబోధన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కె. లక్ష్మా గౌడ్ రేఖాచిత్రం, ఎచింగ్, ఆక్వాటింట్, నీటిరంగులు, గాజు మీద చిత్రణ, టెర్రకోట, కంచు వంటి అనేక మాధ్యమాల్లో పనిచేసిన చిత్రకారులు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో లలితకళల ఆచార్యులుగా పనిచేసినవారు. ఈ మాధ్యమబాహుళ్యాన్ని ప్రతిభకు నిదర్శనంగా పేర్కొని వదిలివేయడం పరిపాటి. దాని వెనక ఒకే వ్యాకరణం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ వ్యాకరణానికి మూలం గీత. అది ఉపరితలం మీద నడిచే గీత కాదు, పదార్థంలోకి దిగే గీత. తెలుగులో ‘గీయడం’ అన్న క్రియకు ఉన్న వృత్తిపరమైన అర్థాన్ని ఆధారం చేసుకొని ఆయన కళను, బోధనను పరిశీలించడం, ఆ కళలో మిగిలిపోయిన ప్రశ్నలను గుర్తించడం, తెలుగు సాహిత్య పరిశోధన ఈ విషయంలో చేయగల పనిని సూచించడం ఈ వ్యాస లక్ష్యాలు.

కీలకపదాలు: లక్ష్మా గౌడ్, గీత, ముద్రణ చిత్రకళ, కులవృత్తులు, మాండలికం, కళాబోధన, అంతర్విభాగ పరిశోధన.

1. ప్రవేశిక

తెలుగు శాఖల్లో ‘అంతర్విభాగ పరిశోధన’ అన్న మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తుంది. సాహిత్యం–చరిత్ర, సాహిత్యం–సమాజశాస్త్రం, సాహిత్యం–సినిమా అన్న జంటలతో సిద్ధాంతవ్యాసాలు వస్తున్నాయి. చిత్రకళ మాత్రం ఆ జాబితాలో అరుదుగా కనిపిస్తుంది. పుస్తకం అట్ట మీద బొమ్మను చూసి తిప్పేయడానికి అలవాటుపడిన చదువరికి ఆ బొమ్మ కూడా ఒక పాఠమేనన్న స్పృహ కలగడం కష్టం. తెలుగు గ్రామం గురించి గత అరవై ఏళ్లలో కథ, కవిత, నవల, పాట చెప్పిన సంగతులపై విస్తారమైన విమర్శ ఉంది. అదే గ్రామాన్ని అదే కాలంలో గీతల్లో నమోదు చేసిన వారిపై తెలుగులో వచ్చిన విమర్శ దానితో పోలిస్తే చాలా స్వల్పం.

లక్ష్మా గౌడ్ ఈ కొరతను స్పష్టంగా చూపించే ఉదాహరణ. ఆయన తెలంగాణ గ్రామంలో పుట్టి, హైదరాబాదులోను బరోడాలోను చదివి, తిరిగి హైదరాబాదునే కార్యక్షేత్రంగా చేసుకున్నారు. 2016లో పద్మశ్రీ పొందారు. దేశవ్యాప్తంగా పేరున్న ఈ చిత్రకారుణ్ణి అర్థం చేసుకోవడానికి కావలసిన కొన్ని పనిముట్లు తెలుగు సాహిత్యవిమర్శ చేతిలోనే ఉన్నాయి. మాండలికచర్చ, వృత్తిపదాల అధ్యయనం, దేహచిత్రణపై వచ్చిన వాదోపవాదాలు ఆ పనిముట్లు. వాటిని ఆయన కళకు అన్వయించి చూడడమే ఈ పరిశీలన పద్ధతి.

2. నిజాంపూర్, హైదరాబాదు, బరోడా

కలాల్ లక్ష్మా గౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించారు. అప్పటికి ఆ ప్రాంతం నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో భాగం. కుమ్మరి సారె, కమ్మరి కొలిమి, సాలె మగ్గం, తోలుబొమ్మలాట, జాతర ఆనాటి తెలంగాణ పల్లెలో నిత్యజీవితంలోనివే. వాటిని ‘కళ’ అని ఎవరూ వేరుచేసి పిలవలేదు. కుండ చేసినవాడు కుండ మీద గీతలు పెట్టాడు. తోలుబొమ్మ చేసినవాడే దానికి రంగు వేశాడు, దాన్ని ఆడించాడు, దాని తరఫున పాడాడు. చదువుకున్నవారు తరువాతి కాలంలో అంతర్విభాగ కళ అని పేరుపెట్టిన దానికి ఆ పల్లెలో పేరు అవసరం కాలేదు.

లక్ష్మా గౌడ్ హైదరాబాదులోని ప్రభుత్వ లలితకళల, వాస్తుశిల్ప కళాశాలలో చిత్రలేఖనం అభ్యసించి 1963లో డిప్లొమా పొందారు. అదే సంవత్సరం బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్లి 1965 వరకు కుడ్యచిత్రకళ, ముద్రణ చిత్రకళ నేర్చుకున్నారు. అక్కడ ఆయనపై బలమైన ప్రభావం చూపిన గురువు కె.జి. సుబ్రమణ్యన్. సుబ్రమణ్యన్ శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద చదివినవారు. బొమ్మలు చేసే కుమ్మరికీ గ్యాలరీలో ప్రదర్శించే చిత్రకారుడికీ మధ్య గోడ అవసరం లేదని ఆయన వాదించారు, తన పనిలోనూ ఆ మాట నిలబెట్టుకున్నారు. లక్నోలోని రవీంద్రాలయం గోడ మీద రవీంద్రుని నాటకం ఆధారంగా ఆయన చేసిన పెద్ద టెర్రకోట కుడ్యశిల్పం 1963 నాటిది. కాల్చిన మట్టి ఆధునిక కుడ్యానికి తగిన పదార్థమేనని అది నిరూపించింది.

తెలంగాణ పల్లె నుంచి వచ్చిన యువకునికి ఈ బోధన ఏమి చేసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చిన్ననాట చుట్టూ చూసినదాన్ని వదిలించుకోవలసిన మోటుతనంగా గాక, పని మొదలుపెట్టవలసిన చోటుగా చూసే అవకాశం అది ఇచ్చింది. గ్రామం నుంచి నగరానికి వచ్చిన తెలుగు విద్యార్థికి తన యాసను దిద్దుకొమ్మని చెప్పిన కాలంలో, తన గీతను దిద్దుకోవలసిన పని లేదని చెప్పిన గురువు దొరకడం చిన్న విషయం కాదు.

3. గీత: ఒక మాట, రెండు వృత్తులు

తెలుగులో బొమ్మనూ గీస్తారు, చెట్టునూ గీస్తారు. ‘గీత’ అంటే రేఖ, కల్లు తీసే వృత్తి కూడా గీతే. కల్లుగీత, గీతకార్మికుడు, గీతకత్తి అన్నవి నేటికీ వాడుకలో ఉన్న మాటలు. తెలంగాణలో ‘గౌడ్’, ‘కలాల్’ అన్న పేర్లు ఆ వృత్తితో, దాని వ్యాపారంతో ముడిపడినవి. ఒక కళాకారుని జీవితాన్ని ఆయన పేరుతోనే వివరించడం సరైన పద్ధతి కాదు. పుట్టుకను బట్టి కళను నిర్ణయించడం విమర్శ కాదు. ఇక్కడ ప్రస్తావిస్తున్నది జీవితచరిత్రను కాదు, భాషలో నిక్షిప్తమైన జ్ఞానాన్ని.

ఆ జ్ఞానం ఏమిటి? మోకు, ముస్తాదు కట్టుకొని చెట్టెక్కిన గీతకార్మికుడు ఈతచెట్టు మట్టలు నరికి, కాండం పైభాగాన్ని పలుచగా చెక్కి గాటు పెడతాడు. లొట్టి కడతాడు. గాటు లోతు సరిగ్గా ఉండాలి. తక్కువైతే కల్లు దిగదు. ఎక్కువైతే చెట్టు దెబ్బతింటుంది. అదే చెట్టును మళ్లీ మళ్లీ గీయాలి గనుక ప్రతి గాటూ రేపటిని లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ గీత అలంకారం కాదు. లోపలి రసాన్ని బయటికి రప్పించే మార్గం.

కాగితం మీద పెన్సిలు గీసే గీత పదార్థం మీద నిలుస్తుంది. చెట్టు మీద కత్తి గీసే గీత పదార్థంలోకి దిగుతుంది. లక్ష్మా గౌడ్ తన జీవితంలో ప్రధానంగా ఎంచుకున్న మాధ్యమాలను వరుసగా చూస్తే వాటిలో ఎక్కువ రెండో రకానికి చెందినవి. లోహపలకలోకి దిగే ఎచింగ్ గీత, పచ్చిమట్టిలోకి దిగే గాటు, కంచుబొమ్మకు ముందు మైనంలో చెక్కే రేఖ అటువంటివే. ఆయన బొమ్మల్లోని స్త్రీల దేహాల మీద కనిపించే పచ్చబొట్లు కూడా చర్మంలోకి దిగిన గీతలే. ఆయన మాధ్యమాలు అనేకం కావచ్చు, వాటిలో జరిగే క్రియ మాత్రం ఒక్కటి.

4. లోహపలక మీద గీత

ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి ఎచింగ్ ప్రక్రియను కొంచెం వివరంగా చూడాలి. జింకు లేదా రాగి పలక మీద మైనం కలిసిన పూత వేస్తారు. సూదిమొనతో ఆ పూతను మాత్రమే గీస్తూ బొమ్మ వేస్తారు. తరువాత పలకను ఆమ్లంలో ముంచుతారు. పూత తొలగిన చోట ఆమ్లం లోహాన్ని తింటుంది. ఎక్కువసేపు ఉంచిన గీత లోతుగా దిగి, అచ్చులో నల్లగా వస్తుంది. తక్కువసేపు ఉంచినది సన్నగా మిగులుతుంది. ఆపై పూతను తీసివేసి, పలకంతా సిరా రుద్ది, పైపైన తుడిచేస్తారు. గాట్లలో మిగిలిన సిరా మాత్రమే తడికాగితం మీదికి ప్రెస్సు ఒత్తిడితో వస్తుంది. ఆక్వాటింట్‌లో గీతకు బదులు రాళపొడిని పలక మీద చల్లి, వేడితో అంటించి, ఆమ్లంలో ముంచుతారు. పొడి రేణువుల మధ్య ఏర్పడే సన్నని గుంటల వల్ల బూడిదరంగు ఛాయలు వస్తాయి.

ఈ ప్రక్రియలో మూడు విషయాలు గమనించదగినవి. మొదటిది, చేతిబలం కన్నా కాలం ప్రధానం. గీత ఎంత లోతుగా దిగాలన్నది చివరికి ఆమ్లంలో ఉంచిన నిమిషాలు నిర్ణయిస్తాయి. రెండవది, బొమ్మ అచ్చులో తిరగబడుతుంది. ఎడమ కుడి అవుతుంది. కళాకారుడు ఎప్పుడూ అవతలి వైపు నుంచి ఆలోచించాలి. మూడవది, పలక మీద పెట్టిన గాటు తుడిచివేయడం చాలా కష్టం. ఆ గీతకు నిలబడక తప్పదు.

లక్ష్మా గౌడ్ తొలిదశ నలుపు–తెలుపు రేఖాచిత్రాల్లో, ఎచింగులలో మనిషి, మేక, చెట్టు, బండ ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్లు కనిపిస్తాయి. దేహం ఎక్కడ ముగిసిందో కొమ్మ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. వేలకొద్దీ సన్నని గీతలు చర్మానికి, బెరడుకు, రాతికి ఒకే స్పర్శను ఇస్తాయి. ఈ కలయికను స్వప్నచిత్రణగా, పాశ్చాత్య అధివాస్తవికతకు దేశీయరూపంగా చదవవచ్చు. కానీ గీత లోపలికి దిగి రసాన్ని బయటికి తెస్తుందన్న వృత్తిజ్ఞానంతో చూస్తే ఈ బొమ్మల్లో వింత తగ్గి తర్కం కనిపిస్తుంది. చెట్టుకూ మనిషికీ మధ్య ఉన్నది పోలిక కాదు, పని. ఆ పనిలోని దగ్గరితనమే గీతగా మారింది.

5. అరవైల హైదరాబాదు: నగ్నత్వం రెండు విధాలు

ఆ తొలిదశ చిత్రాల్లో కామం దాపరికం లేకుండా ఉంటుంది. దానిని దాని కాలంలో పెట్టి చూడాలి. లక్ష్మా గౌడ్ బరోడా చదువు ముగించిన 1965లోనే హైదరాబాదులో దిగంబరకవుల తొలిసంపుటి వెలువడింది. మే 6 అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షాకార్మికుడు దానిని ఆవిష్కరించారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అన్న పేర్లతో ఆరుగురు కవులు 1965, 1966, 1968లలో మూడు సంపుటాలు తెచ్చారు. వారి భాష మర్యాదస్థులకు అశ్లీలమనిపించింది.

ఈ కవులకూ లక్ష్మా గౌడ్ చిత్రాలకూ ప్రత్యక్షసంబంధం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదించదు. ఒకే నగరం, ఒకే దశకం, ఒకే మధ్యతరగతి మర్యాద మీద రెండు వేర్వేరు దాడులు అని మాత్రమే చెప్పవచ్చు. భేదమే ఎక్కువ ఆసక్తికరం. దిగంబరకవులకు నగ్నత్వం ఒక నిందావాక్యం. కుళ్లిన సమాజపు వలువలు విప్పి చూపడం వారి ఉద్దేశం. అది నగరపు కోపం. లక్ష్మా గౌడ్ చిత్రంలో నగ్నత్వం నింద కాదు. మేకకూ చెట్టుకూ లేని సిగ్గు మనిషికి మాత్రం ఎందుకన్నట్లు దేహం అక్కడ నిలబడి ఉంటుంది. నగరం దాచిపెట్టే సంబంధాన్ని పల్లె దాచదన్న ఎరుక దాని వెనక ఉంది. దిగంబరకవిత్వం పాఠకుణ్ణి తిట్టి మేల్కొలిపితే, ఈ చిత్రాలు చూపరిని మాట్లాడకుండా ఇరుకున పెట్టాయి.

సాహిత్యచరిత్రలు మొదటిదానికి ఒక అధ్యాయం ఇచ్చాయి. రెండవది కళాచరిత్రకు వదిలివేయబడింది. అరవైల తెలుగు ఆధునికతలో దేహం పాత్రను సమగ్రంగా చెప్పాలంటే రెండూ పక్కపక్కన ఉండాలి.

6. మాండలికం, మాండలిక గీత

లక్ష్మా గౌడ్ తెచ్చిన మార్పు తీవ్రత ఆయన ముందుతరంతో పోల్చినప్పుడు తెలుస్తుంది. ఆ పోలికకు నారాయణగూడలోని ‘సుధర్మ’ అనే ఇల్లు తగిన స్థలం. కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి (1915–1996), అంటే పి.టి. రెడ్డి, ఆ ఇంటివారు. బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, 1941లో మరికొందరు యువకులతో కలిసి అక్కడ ఆధునిక చిత్రకారుల బృందాన్ని ఏర్పరిచారు. తరువాత హైదరాబాదు వచ్చి, కొంతకాలం కలప సామాను తయారీలో ఉండి, మళ్లీ చిత్రరచనకు మళ్లారు. చిత్రం, అచ్చు, చెక్కశిల్పం ఆయన చేతిలో కలిసి సాగాయి. అరవైల తరువాత ఆయన తాంత్రిక సంకేతాలవైపు, బిందువు, త్రికోణం, చక్రం వంటి సర్వకాలిక రూపాలవైపు వెళ్లారు.

అదే ఇంట్లో ఆయన సహచరి పాకాల యశోదారెడ్డి (1929–2007) ఉన్నారు. పాలమూరు జిల్లా బిజినేపల్లిలో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేసిన ఆమె 1973లో ‘మా వూరి ముచ్చట్లు’ ప్రచురించారు. అందులో తెలంగాణ పలుకుబడి పాత్రల సంభాషణకు పరిమితం కాలేదు. కథ చెప్పే గొంతే ఆ పలుకుబడిలో ఉంది. ప్రామాణికభాషలో కథ చెబుతూ మధ్యలో మాండలికాన్ని రుచికోసం తగిలించడం వేరు, మాండలికంలోనే ఆలోచించడం వేరు. యశోదారెడ్డి రెండవది చేశారు.

లక్ష్మా గౌడ్ కళకు ఆ ఇంటిలోని చిత్రకారుని కన్నా తెలుగు ఆచార్యురాలి రచన దగ్గరగా ఉంది. పి.టి. రెడ్డి గ్రామం దాటి సంకేతానికి వెళ్లారు. లక్ష్మా గౌడ్ గ్రామాన్ని విషయంగా మాత్రమే తీసుకోలేదు, గీసే తీరునే అక్కడినుంచి తీసుకున్నారు. జె.జె. కళాశాల తరహా శరీరనిర్మాణ చిత్రణలో గ్రామీణుణ్ణి కూర్చోబెట్టడం ప్రామాణికభాషలో గ్రామకథ చెప్పడం వంటిది. లక్ష్మా గౌడ్ బొమ్మల్లోని బరువైన కనురెప్పలు, తలపాగాలు, మెడలోని పేర్లు, పక్కవాటు ముఖాలు తోలుబొమ్మ, మట్టిబొమ్మల వ్యాకరణానికి దగ్గరగా ఉంటాయి. చెప్పే గొంతే మాండలికమైంది.

ఇదే కాలంలో తెలుగు భాషాశాస్త్రం కూడా వృత్తుల దగ్గరికి వెళ్లింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రారంభించిన మాండలిక వృత్తిపదకోశం తొలిసంపుటి, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటి 1971లో వెలువడింది. రైతు, నేతకారుడు మాట్లాడే మాట పాండిత్యానికి తగిన విషయమని ఆ సంపుటాలు స్థాపించాయి. వారి చేయి చేసే గీత కూడా అంతే తగిన విషయమని లక్ష్మా గౌడ్ చిత్రాలు స్థాపించాయి. ఈ రెండు కృషులను కలిపి చదవడం తెలుగు పరిశోధకులు చేయగల పని.

7. మట్టి, కంచు, గాజు

తరువాతి దశల్లో లక్ష్మా గౌడ్ మట్టివైపు, కంచువైపు, గాజు మీద చిత్రణవైపు వెళ్లారు. రంగులు పెరిగాయి. స్త్రీపురుషుల ముఖాలు ప్రధానమయ్యాయి. ఈ మార్పును కొత్త మాధ్యమాల్లో ప్రయోగాలుగా మాత్రమే చూస్తే కొనసాగింపు కనబడదు.

గాజు వెనక చిత్రణలో క్రమం తలకిందులవుతుంది. కాగితం మీద మొదట నేపథ్యం, చివర కంటిపాప. గాజు వెనక మొదట కంటిపాప, చివర నేపథ్యం. ముందుగా పెట్టిన గీతే చూపరికి పైన కనిపిస్తుంది గనుక మొదటి గీత తరువాత దిద్దుబాటుకు వీలు చాలా తక్కువ. ఎచింగ్‌లో అవతలి వైపు నుంచి ఆలోచించిన చేయి ఇక్కడ కొత్తగా నేర్వవలసింది తక్కువ. తోలుబొమ్మలోనూ అటువంటి నియమమే ఉంది. తెరకు ఒకవైపున ఉన్న బొమ్మను వెలుతురు సాయంతో మరోవైపునుంచి చూస్తారు.

మట్టిలో గీత మూలానికి తిరిగి వచ్చింది. పచ్చిమట్టి మీద వేసిన గాటు ఎండుతుంది, కాలుతుంది, రాయిలా నిలుస్తుంది. లోహాన్ని ఆమ్లం చేసిన పనిని మట్టికి నిప్పు చేస్తుంది. రెండుచోట్లా చేతికీ చివరి రూపానికీ మధ్య మనిషి పూర్తిగా అదుపు చేయలేని ఒక శక్తి ఉంది. ఆవం తెరిచేదాకా కుమ్మరికి తెలియదు, అచ్చు ఎత్తేదాకా ముద్రణకారునికి తెలియదు. ఆ అనిశ్చితిని పనిలో భాగంగా అంగీకరించడం చేతివృత్తుల నీతి.

8. ఆచార్యత్వం

లక్ష్మా గౌడ్ కొంతకాలం హైదరాబాదు దూరదర్శన్‌లో గ్రాఫిక్ కళాకారునిగా పనిచేసి, ఆ తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలు నిర్మాణంలో భాగస్వాములయ్యారు. 1988లో ఏర్పడిన ఆ స్కూలులో నాటకం, నృత్యం, లలితకళలు, ప్రసారమాధ్యమాలు ఒకే కప్పు కిందికి వచ్చాయి. విశ్వవిద్యాలయం తొలినాళ్లకు ఆశ్రయమిచ్చిన గోల్డెన్ త్రెషోల్డ్, అంటే సరోజినీ నాయుడు ఇల్లు, నాంపల్లి స్టేషను రోడ్డులో, నారాయణగూడకు దూరం కాని చోటే ఉంది. లక్ష్మా గౌడ్ అక్కడ లలితకళల విభాగానికి నాయకత్వం వహించి, 2001లో డీన్‌గా పదవీవిరమణ చేశారు.

ఆచార్యునిగా ఆయన స్థానాన్ని ఒక పరంపరగా చూడవచ్చు. శాంతినికేతనంలో నందలాల్ బోస్, బరోడాలో సుబ్రమణ్యన్, హైదరాబాదులో లక్ష్మా గౌడ్ అన్న వరుస అది. ఈ పరంపర ఒక శైలిని అప్పగించలేదు. నందలాల్ గీతకూ లక్ష్మా గౌడ్ గీతకూ పోలిక వెతకడం వృథా. అది అప్పగించింది ఒక వైఖరి: కళాశాల ఉన్న ఊరి చుట్టూ ఉన్న చేతిపనివారు పాఠ్యప్రణాళికకు బయటివారు కారు. బోర్డు మీద గీసి చూపే బోధనకూ, ముద్రణశాలలో జరిగే బోధనకూ స్వభావంలోనే భేదం ఉంది. ప్రెస్సు ఒక్కటే, చేతులు అనేకం. పలక తుడిచేటప్పుడు గురువు చేతికీ సిరా అంటుతుంది. ఎంత తుడవాలి, ఎప్పుడు ఆపాలి అన్నది పుస్తకం చెప్పలేదు, పక్కన నిలబడి చూడాలి. కులవృత్తుల్లో తండ్రి దగ్గర బిడ్డ నేర్చుకునే పద్ధతి అదే.

ఇక్కడే ఒక వైరుధ్యం ఉంది. వృత్తిలో ఆ విద్య కులానికి బంధింపబడి ఉంటుంది. విశ్వవిద్యాలయంలో అదే పద్ధతి ఏ కులం బిడ్డకైనా అందాలి. చేతిపనిని కులబంధం నుంచి విడదీసి, దాని జ్ఞానాన్ని మాత్రం నిలుపుకోవడం ఆధునిక కళాబోధన ముందున్న కష్టమైన పని. వృత్తికులాల నుంచి వచ్చిన విద్యార్థి తన ఇంటి జ్ఞానాన్ని సిగ్గుపడకుండా తరగతికి తెచ్చుకోగలిగితే ఆ పని కొంతైనా నెరవేరినట్లు. పల్లె గీతను విశ్వవిద్యాలయంలోకి తెచ్చిన ఆచార్యుని ఉనికే అటువంటి విద్యార్థికి ఒక హామీ.

9. నిలిచి ఉన్న ప్రశ్నలు

ప్రశంస దగ్గర ఆగితే పరిశీలన అసంపూర్ణమవుతుంది. లక్ష్మా గౌడ్ కళ ముందు కనీసం రెండు ప్రశ్నలు నిలిచి ఉన్నాయి.

మొదటిది దేహానికి సంబంధించినది. ఆయన తొలిచిత్రాల్లో కామం ప్రకృతిసహజమన్న భావన బలమైనది. కానీ ఆ ప్రకృతిని ఎవరి కళ్లు చూస్తున్నాయి? తెలుగు స్త్రీవాదకవిత్వం ఎనభైలలో ఈ ప్రశ్నను పదునుగా అడిగింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ‘నీలిమేఘాలు’ ఆ గొంతులను ఒకచోట చేర్చింది. స్త్రీదేహం ఫలవంతమైన భూమిగా, చెట్టుగా కనిపించే ప్రతిసారీ ఆమె శ్రమ, అలసట, ఇష్టానిష్టాలు ఎక్కడికి పోయాయన్న ప్రశ్న ఈ చిత్రాలకూ వర్తిస్తుంది. దీనికి ఒక సమాధానం చిత్రాల్లోనే కొంత ఉంది. ఆయన స్త్రీలు చూపరి కోసం ముస్తాబై పడుకున్నవారు కారు. బరువైన పాదాలతో, ఎదురుచూపుతో నిలబడ్డవారు. పురుషదేహం కూడా అంతే బట్టబయలుగా ఉంటుంది. అయినా ఆ సమాధానం పూర్తి కాదు. పల్లె స్త్రీకి సిగ్గు లేదన్న మాట నగరపు మగవాడు చెప్పుకున్న కథ కూడా కావచ్చు. ఈ అనుమానాన్ని తీసివేయకుండానే ఆ చిత్రాలను చూడాలి.

రెండవది అలంకారానికి సంబంధించినది. తరువాతి దశలోని రంగురంగుల గ్రామీణ ముఖాలు తొలిదశ గీత పెట్టిన ఇబ్బందిని పెట్టవు. తలపాగా, ముక్కుపుడక, మేక అన్నవి తెలంగాణకు గుర్తింపుచిహ్నాలుగా స్థిరపడ్డాయి. హోటలు లాబీలోనూ కార్యాలయపు గోడ మీదా అటువంటి బొమ్మలు హాయిగా ఇమిడిపోతాయి. ఇదే కాలంలో తెలుగు పాట, కథ కులవృత్తుల పతనాన్ని, వలసను, అప్పును చెప్పాయి. గోరటి వెంకన్న పాడిన పల్లె, ఈ ముఖాలు నిలిచిన పల్లె ఒకే కాలానివి, కానీ ఒకదానినొకటి గుర్తుపట్టవు. గుర్తింపు పొందిన గ్రామం కదలిక లేని గ్రామంగా మారే ప్రమాదం మాండలికసాహిత్యానికీ ఉంది. యాస ప్రాంతగర్వానికి పతాకమైనప్పుడు అందులోని మనిషి వెనక్కి పోతాడు.

అయితే ఈ విమర్శను ముఖాలన్నిటికీ ఒకే తీరుగా వర్తింపజేయడం అన్యాయం. మట్టితలల్లో, కంచుతలల్లో గీత మళ్లీ లోతుకు దిగిన చోట ముఖం చిహ్నంగా కాక ఫలానా మనిషిగా నిలుస్తుంది. గీత పైపైన నడిచినచోట అలంకారం, లోనికి దిగినచోట మనిషి. ఆయన కృతులను ఎంచి చూడడానికి ఈ కొలత ఆయన చేతిలోంచే వచ్చింది గనుక న్యాయమైనది.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. లక్ష్మా గౌడ్ మాధ్యమబాహుళ్యం అనేక విద్యల కూడిక కాదు. పదార్థంలోకి దిగే గీత అనే ఒకే క్రియకు లోహం, మట్టి, మైనం వేర్వేరు క్షేత్రాలయ్యాయి. గాజు వెనక చిత్రణలో గాటు లేకపోయినా, అవతలి వైపు నుంచి ఆలోచించడం, పెట్టిన గీతకు నిలబడడం అన్న అదే క్రమశిక్షణ కొనసాగింది.

2. ఆ క్రియకు తెలుగులో ‘గీయడం’ అన్న మాట ఇచ్చే వృత్తిపరమైన అర్థం ఉపయోగకరమైన విమర్శపరికరం.

3. ఆయన గ్రామాన్ని వస్తువుగా మాత్రమే కాక కథనస్వరంగా స్వీకరించారు. ఈ విషయంలో ఆయనకు సన్నిహితమైన పోలిక యశోదారెడ్డి వంటి మాండలికకథకుల వద్ద లభిస్తుంది.

4. ఆచార్యునిగా ఆయన చేతిపనిజ్ఞానానికి విశ్వవిద్యాలయంలో స్థానం కల్పించిన పరంపరకు చెందినవారు. ఆ జ్ఞానాన్ని కులబంధం నుంచి విడిపించే బాధ్యత ఆ పరంపరకు ఇంకా మిగిలి ఉంది.

5. స్త్రీదేహచిత్రణ, అలంకారప్రాయమైన గ్రామం అన్న రెండు ప్రశ్నలను స్త్రీవాద, వృత్తికుల సాహిత్యాల వెలుగులో ఇంకా చర్చించవలసి ఉంది.

వృత్తిపదకోశాలు సేకరించిన మాటల వెనక చేతులున్నాయి. ఆ చేతులు వేసిన గీతలను కూడా సేకరించి చదివే పని తెలుగు శాఖ చేపట్టవచ్చు. ఆ పనికి కొత్త సిద్ధాంతం దిగుమతి చేసుకోనవసరం లేదు. గీతకత్తి పట్టినవానినీ సూదిమొన పట్టినవానినీ ఒకే క్రియతో పిలిచే భాష ఆ శాఖకు ఇప్పటికే ఉంది.